తీగ ఎటు పోతదో తెలువని ఎండకాలం

మిషన్ చెడిపోతే దానికి ఒక కారణం ఉంటది, ఆ కారణం దొరికేదాక కుర్చీల నుంచి లేవొద్దు అని మాకు డిప్లొమాల చెప్పిన్రు. నౌకరి చేసినన్ని రోజులు నేను సుత నా కింద పనిచేసినోళ్లకు అదే మాట చెప్పిన. కానీ చెప్పినప్పుడల్లా ఒక ఎండకాలం యాదికొచ్చి నా గొంతు జర తగ్గేది. ఎదుటోళ్లు గమనించిన్రో లేదో నాకు తెలువది. ఆ ఎండకాలం ముచ్చట ఇప్పుడు రాస్తున్న. కొత్తగ నౌకరిల చేరినోళ్లు చదివితే మంచిది. పనికొచ్చే సూత్రం ఏదన్న దొరుకుతదా అంటే మాత్రం నేను మాట ఇయ్యలేను.

ఎనభైలు అయిపోయి తొంభైలు మొదలైతున్న రోజులు. కరీంనగర్ ఊరి బయట ఒక చిన్న టూల్‌రూంల నేను ఎలక్ట్రానిక్స్ టెక్నీషియన్‌ను. టూల్‌రూం అంటే డైలు చేసే జాగ. డై మీద రేకు పెట్టి ప్రెస్సుతోని ఒక్క దెబ్బ కొడితే, కావాల్సిన ఆకారంల ముక్క తెగి కింద పడుతది. మా డైలతోని కుక్కర్ల మూతల నుంచి బండ్ల విడిభాగాల దాక తయారయ్యేవి.

మా దగ్గర ఒక వైర్‌కట్ మిషన్ ఉండె. వేరే రాష్ట్రంల ఏదో ఫ్యాక్టరీ వాడి వాడి వదిలేసిన విదేశీ మిషన్‌ను మావోళ్లు వేలంల పట్టుకొచ్చిన్రు. వెంట్రుకకంటే కొంచెమే లావుండే ఇత్తడి తీగ పై చక్రం నుంచి కింది చక్రానికి దిగుతనే ఉంటది. చుట్టు శుద్ధి చేసిన నీళ్లు పారుతయి. తీగకు, ఉక్కుకు నడుమ సన్నటి నిప్పురవ్వలు లేచి ఉక్కును కొంచెం కొంచెం తింటయి. తీగ ఉక్కును ముట్టదు. ముట్టకుండనే, ఎంత గట్టి ఉక్కునైనా కోస్తది. మొదటిసారి చూసినప్పుడు నాకు నమ్మబుద్ధి కాలే.

అసలుకైతే ఆ మిషన్‌కు తోవ చెప్పేది రంధ్రాలు పొడిచిన కాగితపు పట్టీ. ఆ పట్టీని చదివే పెట్టె మా దగ్గరికి వచ్చిన రెండేండ్లకే పాడైపోయింది. తయారుచేసినోళ్లకు ఉత్తరం రాస్తే, ఆ మోడల్ ఎప్పుడో బంద్ చేసినమని జవాబొచ్చింది. ఇగ పాత ఇనుము కింద అమ్ముడే అని అందరం అనుకున్నం. అప్పుడు ఉస్తాద్ దాని ముందట నిలబడి రెండు చేతులతోని రెండు హ్యాండిళ్లు తిప్పుకుంట కోసుడు మొదలుపెట్టిండు.

ఉస్తాద్ అంటే ఆ మిషన్ ఆపరేటర్. అందరం అట్లనే పిలిచేది. బెల్లంపల్లి మనిషి. వాళ్ల బాపు బొగ్గుబాయిల పనిచేసిండు. ఉస్తాద్ చదువు ఉర్దూ మీడియంల ఏడో తరగతి కాడ ఆగింది. అప్పటికి ఆయనకు యాభై దాటినయి. ఆ మిషన్‌కు ఒక హ్యాండిల్ బల్లను ముందుకు వెనుకకు జరుపుతది, ఇంకోటి పక్కలకు జరుపుతది. రెండిటిని ఒక లెక్కల కలిపి తిప్పితే ఏటవాలు గీత వస్తది. అది ఆయన కండ్లు మూసుకొని తిప్పేది.

"కండ్లెందుకు మూస్తవు ఉస్తాద్?" అని నేను ఒకసారి అడిగిన.

"చూసుకుంట వినరాదు తమ్మీ," అన్నడు. "మా బాపు బాయిల దిగంగనే ముందుగాల కప్పును కట్టెతోని కొట్టి చూసేది. ఠంగుమంటే మంచిగున్నట్టు. మొద్దుగ పలికితే పైన బండ ఊడుతున్నట్టు. గా చప్పుడు ఎరుకలేనోడు ఇంటికి రాకపోతుండె. గిది సుత గంతే. రవ్వలు సమంగ పడితే రేకు మీద చినుకులు పడ్డట్టు వినవడ్తది."

అట్ల రెండేండ్లు నడిచింది. ఆయన చేతులతోని తిన్నటి గీతలు, ఏటవాలు గీతలు వచ్చేవి. కానీ వంపులు, పండ్లు ఉన్న పని వస్తే వాపసు పంపుడే.

అట్ల వాపసు పంపరాని పని ఒకటి సిరిసిల్ల నుంచి వచ్చింది. తెచ్చినాయన ఒక ఆసామి. ఆసామి అంటే నాలుగు మరమగ్గాలు సొంతంగ పెట్టుకొని, సేటు ఇచ్చిన నూలుతోని బట్ట నేసిచ్చే మనిషి. మరమగ్గాన్ని అక్కడ సాంచె అంటరు. ఆయన సంచిల నుంచి ఒక పోత ఇనుప చక్రం తీసి బల్ల మీద పెట్టిండు. రంపం లెక్క పండ్లున్నయి, మూడు విరిగినయి.

"సాంచె మీద నేసిన బట్టను పన్ను పన్నుకు ముందుకు గుంజేది గిదే సారూ," అన్నడు. "పన్ను విరిగిన కాడ బట్ట దట్టమైతది, మల్ల పల్చనైతది. సేటు తాన్లకు తాన్లు వాపసు పంపుతుండు. పోత ఇనుము నిలుస్తలేదు. ఉక్కు రేకుల కొట్టిస్తే నిలుస్తదంట. పదిమంది ఆసాములం కూడుకున్నం. జర డై చేసియ్యున్రి."

మా మేనేజర్ సారు కోస్తా దిక్కు నుంచి వచ్చినాయన. మంచి మనిషే. కాకపోతే ప్రతి సంగతికి ఒక కాగితం ఉండాలె ఆయనకు. ఆసామి పోయినంక నన్ను పిలిచిండు.

"కొత్త మెషిన్ కొనే స్థోమత మనకి లేదు. నువ్వు కంప్యూటర్ కోర్సు చేశావు కదా? మన వైర్‌కట్‌కి కంప్యూటర్ పెట్టగలవా?"

"పెడ్త సార్," అన్న. అది ఆరు వారాల కోర్సు. ఆ సంగతి ఆయనా అడగలే, నేనూ చెప్పలే.

హైదరాబాద్‌ల రెండు స్టెప్పర్ మోటర్లు దొరికినయి. ఒక దెబ్బ విద్యుత్తు పంపితే ఒక మెట్టు తిరిగే మోటర్లు అవి. ఎన్ని దెబ్బలు పంపితే అన్ని మెట్లు, తక్కువ కాదు ఎక్కువ కాదు. ఉస్తాద్ తిప్పే హ్యాండిళ్లు తీసేసి ఆ జాగల మోటర్లు బిగించిన. కంప్యూటర్‌కు ప్రింటర్ తగిలించే సందుల నుంచి తీగలు తీసి, నేనే చేసిన ఒక కార్డు ద్వారా మోటర్లకు కలిపిన. ప్రోగ్రాం సుత నేనే రాసిన. కంప్యూటర్ కోసం మిషన్ వెనుక అద్దాల గది కట్టిన్రు. ఆ గదికి జాగ కావాలని షెడ్డు వెనుక తలుపు మూసేసిన్రు. చెప్పులు బయటనే విడవాలె. దుమ్ము రావొద్దు, తడి రావొద్దు. షెడ్డు ఊడ్చే అక్కను పిలిచి సారు గట్టిగ చెప్పిండు, బకెట్ పట్టుకొని ఈ దిక్కు రావొద్దని. ఆమె సరే అని తల ఊపింది.

నేను తీసేసిన హ్యాండిళ్లను ఉస్తాద్ గుడ్డతోని తుడిచి తన పెట్టెల పెట్టుకున్నడు. "గీ డబ్బకు చెవులున్నయా తమ్మీ?" అన్నడు. నేను నవ్విన. ఆయన నవ్విండో లేదో చూడలే.

మొదటి పరీక్ష తీగ బదులు పెన్ను కట్టి చేసినం. కాగితం మీద గుండ్రటి గీత గీసి, మొదలుపెట్టిన చుక్క మీదనే వచ్చి ఆగింది. అందరం చప్పట్లు కొట్టినం. సారు మిర్చీలు తెప్పిచ్చిండు. రెండో రోజు తీగ పెట్టి మెత్తటి ఇనుము మీద కోసినం. మంచిగనే వచ్చింది. ఆ వారమంతా మంచిగనే నడిచింది. ఆ వారం ఉస్తాద్ వేరే మిషన్ మీద ఉండె. తర్వాతి వారం సారు ఆయనను మల్ల వైర్‌కట్ మీదికి పంపిండు, తీగ ఎక్కిచ్చుడు, నీళ్లు చూసుడు ఆయన పని.

ఆ వారమే మొదలైంది.

గుండ్రం కోయమంటే తీగ గుండ్రంగనే పోయింది, కానీ మొదలుపెట్టిన కాడికి రాలే. అర మిల్లీమీటర్ అవతల ఆగింది. డై పనిల అర మిల్లీమీటర్ అంటే కరీంనగర్‌కు పోవాల్సిన బస్సు నిర్మల్‌ల దించినట్టు. మల్ల కోసినం. ఈసారి ఇవతల ఆగింది. మూడోసారి సరిగ్గ వచ్చింది. నాలుగోసారి ఇంకా ఎక్కువ తప్పింది.

తప్పు ఎప్పుడూ ఒక్క దిక్కే పోతే నాకు సమజయ్యేది. లెక్కల ఏదో గుణకారం తప్పిందనుకుందును. ఇది అట్ల లేదు. పొద్దున ఒకతీరు, పగటీలి ఒకతీరు. రవ్వలు బంద్ చేసి ఉత్తగ నడిపిస్తే ఒక్కసారి సుత తప్పలే. ప్రోగ్రాం మూడుసార్లు తిరగరాసిన. కార్డు రెండోది చేసిన. మోటర్లు అటుదిటు, ఇటుదటు మార్చిన. ఎవరో మిషన్‌కు నిమ్మకాయ, మిరపకాయలు కట్టిన్రు. వద్దని అనడానికి నాకు మనసొప్పలే. ఆ సాయంత్రం వరుసగ రెండు గుండ్రాలు సరిగ్గ వచ్చినయి, నేను ఇంకింత పరేషాన్ అయిన.

నోట్‌బుక్ ఒకటి పెట్టి రాసుడు మొదలుపెట్టిన. తేది, టైము, ఎంత తప్పింది, ఎవరున్నరు. ఆఖరుది ఎందుకు రాసిన్నో నాకు తెలువది. అన్నీ రాస్తున్న కదా, అది సుత రాసిన.

ఇంతల ఉస్తాద్ చెల్లెలి కొడుకు పెండ్లని మూడు రోజులు సెలవు పెట్టి బెల్లంపల్లి పోయిండు. ఆ మూడు రోజులు మిషన్ ఒక్కసారి తప్పలే. ఆ రోజుల్లనే గాలిదుమారం లేచి వడగండ్ల వాన పడ్డది. షెడ్డు రేకుల మీద ఒకటే మోత. కానీ నా నోట్‌బుక్‌ల వానకు గడి లేకుండె. ఉస్తాద్ వాపసు వచ్చిన రెండు రోజులకు ఎండ ముదిరింది, తీగ మల్ల తప్పుడు షురూ చేసింది.

ఆ మరుసటి రోజే ఇంకోటి జరిగింది. నేను అద్దాల నుంచి చూస్తున్న. మిషన్ నడుస్తుండంగ ఉస్తాద్ ఇటు అటు చూసి, మోటర్ పక్కన లోపలికి చెయ్యి పెట్టిండు. కొంచెంసేపు ఉంచి తీసిండు. నన్ను చూడంగనే గుడ్డతోని ఏదో తుడుస్తున్నట్టు చేసిండు.

నేను మనసుల ఆయన మీద నేరం మోపలేదు, ఆ మాట ఒట్టు పెట్టి చెప్పగల్గుత. కానీ సారు అడిగినప్పుడు నోట్‌బుక్ ముందట పెట్టిన. ఆయన వేలు పెట్టి తేదీలు చూసుకుంట పోయిండు.

"మొదటి వారం అతను లేడు, బాగుంది. సెలవు పెట్టాడు, బాగుంది. వచ్చాడు, చెడింది. ఇంక నువ్వు వెతుకుతున్నదేమిటయ్యా?"

"అట్ల చెప్పలేం సార్. నాకే సమజైత లేదు."

"నువ్వేమీ చెప్పక్కర్లేదు. చూసింది చూసినట్టు రాసివ్వు. అంతే."

రాసిచ్చిన. ఇంగ్లిషుల ఒక పేజీ. తేదీలు రాసిన, చెయ్యి పెట్టంగ చూసింది రాసిన. కింద సంతకం పెట్టిన. పెట్టేటప్పుడు నేను నిజమే రాస్తున్న అనుకున్న. ఇప్పుడు సుత ఆ పేజీల ఒక్క అబద్ధం చూపియ్యమంటే చూపియ్యలేను.

మరునాడు ఉస్తాద్‌ను స్టోర్‌కు పంపిన్రు. సామాన్ల కిటికీ కాడ కూసోని బోల్టులు, గుడ్డలు లెక్కబెట్టి ఇచ్చే పని. వైర్‌కట్ దిక్కు రావొద్దన్నరు. పోయేముందు నా దగ్గరికి వచ్చిండు.

"తమ్మీ, నువ్వు రాసినవా?"

"తేదీలు రాసిన ఉస్తాద్. గంతే."

ఆయన తల ఊపిండు. పెట్టె పట్టుకొని పోయిండు.

ఇగ తప్పు పోయిందనే సారు అనుకున్నడు. నేను సుత అట్లనే అనుకోవాలని చూసిన. సిరిసిల్ల డై కోసం రెండు ఉక్కు దిమ్మెలు హైదరాబాద్‌ల గట్టిచేయించి తెచ్చినం. మొదటి దిమ్మె ఎక్కిచ్చిన. పొద్దుగాల మొదలుపెడితే పగటీలి దాక ఇరవై పండ్లు వచ్చినయి, ఒకదానికంటే ఒకటి మంచిగ. ఇరవై ఒకటో పన్ను కాడ తీగ పక్కకు జరిగింది. నేను చూస్తుండంగనే, నా కండ్ల ముందట. అక్కడ మిషన్ దగ్గర ఒక్క మనిషి లేడు. ఉస్తాద్ స్టోర్‌ల ఉన్నడు.

మిషన్ బంద్ చేసి, అక్కడనే స్టూలు మీద కూసున్న. దిమ్మె ఖరాబైందన్న బాధకంటే ఇంకో బాధ ఎక్కువైంది. ఆ కాగితం యాదికొచ్చింది. అప్పుడే పోయి వాపసు తీసుకోవాలె. తీసుకోలే. ముందు కారణం దొరకనియ్యి, అప్పుడు పోదామనుకున్న. కారణం దొరకకుండ పోయి ఏమని చెప్పాలె?

రెండు రోజులైనంక ఆసామి వచ్చిండు, డై తీసుకపోతమని. రెండో దిమ్మె ఒక్కటే మిగిలింది. సారు మొఖం పాలిపోయింది. నేను ఆసామితోని ఉన్నది ఉన్నట్టు చెప్పిన.

"మిషన్‌ల ఏమైతుందో నాకు ఎరుకలేదు. ఇది సుత ఖరాబైతే ఇంకో దిమ్మెకు నెల పడ్తది."

"నెలంటే మా సాంచెలు సగం ఆగుతయి సారూ," అన్నడు. కొట్లాడలే. "నేను గీడనే కూసుంట. చూస్త."

నేను స్టోర్ కిటికీ కాడికి పోయిన. ఉస్తాద్ తల ఎత్తలే.

"ఉస్తాద్, జర వస్తవా? దిమ్మె ఖరాబైంది. నువ్వు లేనప్పుడే ఖరాబైంది."

"నన్ను రావొద్దన్నరు గదా."

"నేను సారుకు చెప్త."

"చెప్పినంక రా."

పోయి చెప్పిన. సారు తనే లేచి స్టోర్ దాక నడిచిండు. ఏమన్నడో నేను వినలే. ఉస్తాద్ వచ్చిండు. అలవాటు ప్రకారం చెప్పులు బయట విడిచి, ఉత్త కాళ్లతోని మిషన్ ముందట నిలబడ్డడు. పనికిరాని ఇనుప ముక్క ఒకటి ఎక్కిచ్చి రవ్వలు షురూ చేసినం. ఆయన కండ్లు మూసుకున్నడు. ఈసారి చెవి పెట్టలే. అరచెయ్యి మిషన్ ఒంటికి ఆనిచ్చిండు. ఆనిచ్చి టక్కున తీసిండు.

"జిల్లుమంటున్నది."

"ఏంది?"

"కరెంటు. సన్నగ. చీమ కుట్టినట్టు."

నేను ముట్టిన. నాకేం తెలువలే. నా కాళ్లకు రబ్బరు మేజోళ్ల లెక్కటి చెప్పులున్నయి, గది లోపల వేసుకోమని సారు కొనిచ్చినయి. అవి విడిచి తడి నేల మీద నిలబడి ముట్టిన. నిజమే. జిల్లుమన్నది.

షెడ్డు ఊడ్చే అక్క చీపురు పట్టుకొని దూరంగ నిలబడి చూస్తున్నది. ఆమెనే అన్నది.

"గా గుంతల నీళ్లు పోస్తలేను గదా సారూ. గందుకేనేమో."

"ఏ గుంత?"

"షెడ్డు ఎనుక, ఉప్పు బొగ్గు పోసిన గుంత. మునుపటి కరెంటాయన చెప్పిండు, రోజు పొద్దుగాల రెండు బకెట్లు పొయ్యమని. లేకపోతే మిషన్లు జిల్లుమంటయన్నడు. ఎన్నేండ్ల సంది పోస్తున్న. మీరు తలుపు మూసి, బకెట్ పట్టుకొని గీ దిక్కు రావొద్దంటిరి. నేను మానుకున్న."

మిషన్ల నుంచి కరెంటు భూమిలకు దిగిపోయే ఎర్తింగ్ గుంత అది. తడి ఉంటేనే పనిచేస్తది. అది ఎండిపోతే రవ్వల కరెంటు బయటికి పోయే తోవ లేక అటిటు తిరిగి, నా కార్డులకు సుత జొరబడొచ్చు. కంప్యూటర్ పంపని దెబ్బలను మోటర్లు కంప్యూటరే పంపినట్టు అనుకొని తిరుగుతయి. ఉత్తగ నడిపినప్పుడు ఎందుకు తప్పలేదో, వాన పడ్డ మూడు రోజులు ఎందుకు మంచిగుండెనో ఒక్కసారి కండ్ల ముందట తిరిగింది. మా గుంతకు నీళ్లు పోసే మనిషి ఒకామె ఉందని నాకు, సారుకు, మా ఇద్దరి చదువులకు, ఎవలకు తెలువలే.

ఇక్కడ ఆగి, గుంతల నీళ్లు పోసి, ఇంకేది ముట్టకుండ మిషన్ నడిపి చూస్తే నాకు జవాబు దొరికేది. ఓపిక లేకుండె. అక్క చుట్టు తిరిగిపోయి పది బకెట్లు పోసింది, ఉప్పు సుత కుమ్మరిచ్చింది. నేను కంప్యూటర్ తీగలు పీకేసి, పైన లోహపు జాలి అల్లిన కొత్త తీగలు వేసి, జాలిని భూమికి కట్టిన. అప్పటిదాక ఊకె కూసున్న ఆసామి లేచి మిషన్ దగ్గరికి వచ్చిండు.

"సారూ, గీ పోగు వదులున్నది."

"ఏ పోగు?"

"గిదే, తీగ. అంచు కాడ వణుకుతుంది చూడున్రి. మా సాంచె మీద గిట్లుంటే బట్ట పాడైతది."

నాకు వణికినట్టు కనవడలే. ఉస్తాద్ వంగి చూసి, "నిజమే అన్నా," అని తీగ బిగువు పెంచిండు. తీగను పట్టే గైడు అరిగిందని దాన్ని సుత పావు వంతు తిప్పి పెట్టిండు.

మరునాడు పొద్దున పదింటికి రెండో దిమ్మె మీద రవ్వలు షురూ చేసినం. నలుగురం చుట్టు కూసున్నం. ఇరవై పండ్లు దాటినయి. ఇరవై ఒకటో పన్ను కాడ నేను తల తిప్పుకున్న. "అయిపోయింది, చూడు," అని అక్క అన్నది. పన్ను తెగింది, సరిగ్గనే. సారు గడియకోసారి వచ్చి నిలబడి పోతుండు. నాలుగు దాటినంక తీగ ఒక చుట్టు తిరిగొచ్చి, మొదలుపెట్టిన జాగల కలిసింది. నడిమి ముక్క ఊడి నీళ్లల్ల టప్పుమని పడ్డది. కొలిచినం. మల్ల కొలిచినం. ఆసామి ఆ ముక్క పండ్ల మీద వేలు నడిపి, పక్కకు మల్లి కండువతోని మొఖం తుడుచుకున్నడు.

"ఏం చేశావయ్యా?" అని సారు అడిగిండు.

"నాలుగు చేసినం సార్."

"నాలుగింట్లో ఏది?"

"తెలువది."

"రిపోర్టులో తెలువది అని రాయలేం కదా."

రిపోర్టుల ఎర్తింగ్ అని రాసిన. మర్యాదగ వినవడే కారణం అదే. తర్వాత కొద్ది రోజులకు అక్కకు జ్వరమొచ్చి గుంత ఎండింది, మిషన్ మాత్రం తప్పలే. అంటే కొత్త తీగలే కారణమా? ఇంకొన్ని నెలలకు, గుంత నిండ నీళ్లున్న రోజే ఒకసారి తప్పింది. అంటే ఆసామి చూసిన వదులా? ఆ మిషన్ ఇంకా చానా ఏండ్లు నడిచింది, సిరిసిల్లకు చక్రాలు పోయినయి. నేను రిటైరయ్యేదాక ఆ నోట్‌బుక్ నా దగ్గరనే ఉండె. వాన అని ఒక గడి, నీళ్లు అని ఒక గడి పెంచుకుంట పోయిన. ఇప్పటికీ కారణం ఇదే అని వేలు పెట్టి చూపియ్యలేను.

కాగితం సంగతి మిగిలింది.

డై పోయిన మరునాడు సారు దగ్గరికి పోయి, నేను రాసిచ్చిన పేజీ వాపసు కావాలన్న.

"ఫైల్లోకి వెళ్లిన కాగితం బయటకు రాదు," అన్నడు. "కావాలంటే ఇంకోటి రాసి పైన పెట్టు. కానీ ఆలోచించుకో. నీ ప్రమోషన్ ఫైలు కదులుతోంది. నా అనుమానం తప్పు అని నువ్వే రాసుకుంటే చదివేవాళ్లు ఏమనుకుంటారు?"

నాలుగు రోజులు ఆలోచించిన. గొప్పగ చెప్పుకునే సంగతి కాదు, నాలుగు రోజులు. ఐదో రోజు రాసిన. ప్రమోషన్ ఏడాది ఆలస్యంగ వచ్చింది, దానికి ఇదే కారణమా అంటే అది సుత తెలువది.

సారును అడిగి రెండు కాగితాలు పట్టుకొని స్టోర్ కిటికీ కాడికి పోయిన. ఉస్తాద్ వైర్‌కట్ మీదికి రావొచ్చని సారు ఎప్పుడో చెప్పిండు. ఆయన రాలే. స్టోర్‌లనే కూసున్నడు.

"ఉస్తాద్, రెండో కాయిదం రాసిన. చూడు."

"నాకు ఇంగ్లిషు రాదు. సదువు."

మొదలుపెట్టబోతుంటే చెయ్యి ఎత్తి ఆపిండు.

"ముందుగాల మొదటిది సదువు."

గుడ్డల కోసం వచ్చిన ఇద్దరు ఫిట్టర్లు అక్కడనే నిలబడ్డరు. పొమ్మని ఆయన అనలే, నేను అనలేకపోయిన. నా రాత నేనే తెలుగుల చెప్పుకుంట చదివిన. ఆయన ఉన్న రోజుల్లనే తప్పు వస్తుందని. మోటర్ పక్కన చెయ్యి పెట్టంగ కండ్లార చూసిన్నని. ఇంగ్లిషుల చల్లగుండె ఆ మాటలు. తెలుగుల చెప్తుంటే నాకే చాడీల లెక్క వినవడ్డయి.

"చెయ్యి పెట్టింది నిజమే," అన్నడు. "ఎందుకు పెట్టినవని అడిగినవా?"

"అడగలే."

ఫిట్టర్లను చూసిండు. వాళ్లు గుడ్డలు తీసుకొని పోయినంక మెల్లగ చెప్పిండు.

"నాకు ఎడమ చెవి పోయి రెండేండ్లైంది తమ్మీ. కుడిది సుత తగ్గుతుంది. రవ్వల చప్పుడు సరిగ్గ వినవడ్తలేదు. అరచెయ్యి పెడితే దడ తెలుస్తది. చేతితోని వింటున్న. ఎవలకన్న తెలిస్తే నౌకరి తీస్తరని భయమైంది. గీ ముచ్చట ఎవలకు చెప్పకు."

ఆయన బతికున్నన్ని రోజులు చెప్పలే. పోయి మస్తు ఏండ్లైంది కాబట్టి రాస్తున్న. రాయొచ్చో లేదో మాత్రం తేల్చుకోలేకపోతున్న.

తర్వాత రెండో కాగితం చదివిన. తేదీల నుంచి నేను తీసిన అర్థం తప్పని, ఆపరేటర్ లేని రోజే దిమ్మె ఖరాబైందని, ఆ మిషన్ రెండేండ్లు నడిచింది ఆయన చేతుల మీదనే అని. ఆయన రెండు కాగితాలు తీసుకొని పక్కపక్కన పెట్టి, కింద వేలుతోని చూపిచ్చిండు.

"రెండిట్ల నీ సంతకం ఒక్కతీరుగనే ఉన్నది."

తిట్టిండా, మాఫీ చేసిండా, ఉత్తగ చూసింది చూసినట్టు చెప్పిండా నాకు సమజ్ కాలే. ఆయన కిటికీ తలుపులు దగ్గరికేసి, తాళం వేసి, తాళంచెవి నా చేతుల పెట్టిండు. పెట్టె భుజానికి ఎత్తుకొని షెడ్డు దిక్కు నడిచిండు. నేను తాళంచెవి పట్టుకొని అక్కడనే ఉన్న. మిషన్ కాడి నుంచి ఆయన గొంతు వినవడ్డది.

"తమ్మీ, గాడ నిలబడి ఏం చూస్తున్నవ్? వచ్చి నీ డబ్బ షురూ చెయ్యి."